మా ఆవిడ ఊళ్లో లేదన్నాను

“మా ఆవిడ ఊళ్లో లేదు.”

ఈ మాట అని ముప్పై ఏళ్లు దాటింది. ఇంగ్లీషులో అన్నాను. ఒక చైనా అమ్మాయితో అన్నాను. ఆ సమయానికి మా ఆవిడ వనజ, నేను కూర్చున్న చోటికి నాలుగు మైళ్ల దూరంలో, మా ఇంట్లోనే ఉంది. ఇంటికి వస్తామన్నవాళ్లను తప్పించుకోవడానికి చాలామంది ఇలాంటి అబద్ధం ఆడతారు. నేనాడినది మాత్రం ఒక మనిషి బతుకును పాడుచేసింది. అంతకుముందే నా నోటి నుంచి వచ్చిన ఇంకో మాట ఇంకో మనిషిని పడగొట్టింది. ఈ రెండూ ఎవరికీ చెప్పలేదు. వనజకు కూడా చెప్పలేదు.

ఈ బరువు వల్ల నాకు నిద్ర పట్టలేదనో, జబ్బు చేసిందనో రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుందేమో. అలాంటిదేమీ జరగలేదు. బాగానే నిద్రపోయాను. క్యారీ అనే ఊళ్లో ఇల్లు కొన్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, రిటైరయ్యాను. ఎప్పుడైనా ఎర్రలైటు దగ్గర కారు ఆగినప్పుడో, గడ్డం గీసుకుంటున్నప్పుడో అది గుర్తొచ్చేది. ఒక్క క్షణం చెవులు వేడెక్కేవి. అంతలోనే లైటు మారేది. అంత తేలిగ్గా సర్దుకుపోయాను. అలా సర్దుకుపోవడమే నాకు ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.

నా పేరు చెప్పను. వాళ్ల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగినట్టే చెప్తాను. నన్ను నేను కాస్త బాగా చూపించుకునే చోటు ఎక్కడైనా వస్తే మీరే పట్టుకోండి.

నాది అనంతపురం వైపు. వేరుశనగ తెగుళ్ల మీద పరిశోధన చేసి, డెబ్బైల మధ్యలో నార్త్ కరోలినాలో ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. ఆ రాష్ట్రం తూర్పు వైపు వేరుశనగ బాగా పండుతుంది. నాకు తెలిసిన పంట, తెలిసిన తెగుళ్లు. మనుషులే కొత్త. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. శనివారం ఎవరో ఒకరింట్లో భోజనాలు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. శనక్కాయ చెట్ల ఆకుల మీద మచ్చలు చూసేవాణ్ని నేనొక్కణ్నే. వాళ్లు నన్ను తక్కువగా చూశారని అనను. నేనే అలా అనుకునేవాణ్ని.

చైనాకూ అమెరికాకూ అప్పుడప్పుడే రాకపోకలు మొదలవుతున్న రోజులు. ఒక వ్యవసాయ బృందం మా యూనివర్సిటీకి వచ్చింది. ఆరుగురు మగవాళ్లు, అందరివీ ఒకే రంగు కోట్లు. వాళ్లతో దుబాసీగా ఒక అమ్మాయి. మా డిపార్ట్‌మెంట్ హెడ్ నన్ను పిలిచి, “వీళ్లని రెండు మూడు రోజులు నువ్వు చూసుకో. మీ ఆసియా వాళ్ల సంగతి మీకే తెలుస్తుంది,” అన్నాడు. చైనా గురించి నాకేమీ తెలియదని నేను చెప్పలేదు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు.

ఆ ఆరుగురిలో ఒకాయన్ని షెన్ అని పిలుస్తాను. దక్షిణ చైనాలో ఎర్రమట్టి నేలలున్న ఒక రాష్ట్రంలో, వ్యవసాయ శాఖలో రెండో అధికారి. యాభై దాటిన మనిషి. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉండేవాడు. మా పొలానికి తీసుకెళ్తే మిగతావాళ్లు ట్రాక్టర్ ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఈయన మాత్రం గొంతుకూర్చుని ఒక మొక్క పీకి, మన్ను దులిపి, కాయ చిదిమి వాసన చూశాడు. తర్వాత ఆకు తిప్పి, అడుగున మచ్చ చూపించి నా వైపు చూశాడు. దుబాసీ అవసరం లేకపోయింది. తిక్క తెగులు. వాళ్ల నేలలోనూ అదే, మా అనంతపురంలోనూ అదే. ఆ చూపు ఆఫీసరు చూపు కాదు. పొలం చేసినవాడి చూపు.

దుబాసీ అమ్మాయి పేరు లిన్ అనుకోండి. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లుంటాయి. మాట పొదుపు.

ఆదివారం వాళ్లను మా ఇంటికి భోజనానికి పిలిచాను. వనజ పులిహోర కలిపింది, పప్పు, వేపుడు చేసింది. భోజనాలయ్యాక మా హెడ్ యూనివర్సిటీ వ్యాన్‌లో అందరినీ షాపింగ్ మాల్‌కి తీసుకెళ్లాడు. షెన్ మాత్రం కడుపు బాగోలేదని, కాసేపు కూర్చుంటానని లిన్ చేత చెప్పించాడు. ఆయన కోసం లిన్ ఆగిపోయింది.

ఇక్కడి నుంచి జరిగింది నేను జాగ్రత్తగా చెప్పాలి. దీని మీదే అంతా ఉంది.

వనజ లిన్‌ని లోపలికి తీసుకెళ్లింది. ఆ పిల్ల చీరని అదేపనిగా చూస్తోందని మా ఆవిడ గమనించింది. కట్టి చూపిస్తానంది. పడకగది తలుపు వేసుకున్నారు. లోపల్నుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. గంటసేపు వాళ్లు బయటికి రాలేదు. గదిలోకి వెళ్లేముందే వనజ ఒక గిన్నె నా చేతిలో పెట్టింది. “శనక్కాయలు ఉడకేసినా. మనూరి మాదిరే ఉప్పేసినా. ఆయనకు పెట్టండి, కడుపుకేమీ కాదు,” అంది.

షెన్, నేను పెరటి మెట్ల మీద కూర్చున్నాం. ఆయన ఒక కాయ వొలుచుకుని నోట్లో వేసుకున్నాడు. మెల్లగా నమిలాడు. తర్వాత ఇంగ్లీషులో మాట్లాడాడు.

“మా అమ్మ కూడా ఇలాగే చేసేది.”

నేను ఉలిక్కిపడ్డాను. మూడు రోజులుగా ఆయన నోట ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు. చిన్నప్పుడు మిషనరీల బడిలో చదివానని, ఆ సంగతి తన ఫైల్లో లేదని, అది బయటపడితే మంచిది కాదని అన్నాడు. పాతబడిన ఇంగ్లీషు, ఒక్కో మాటా వెతుక్కుంటూ.

ఏదో మాట్లాడాలని, మీ దగ్గర దిగుబడి ఎలా ఉందని అడిగాను. ఆయన చేతిలోని పొట్టు మెట్టు మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు.

ఇరవై ఏళ్ల కిందటి కరువు రోజుల్లో ఆయన ఒక తాలూకాకి అధికారి. దిగుబడి ఎక్కువ చూపించమని పైనుంచి ఒత్తిడి. పక్క తాలూకాల వాళ్లు ఎంత రాస్తే ఈయన అంతకన్నా కొంచెం ఎక్కువ రాశాడు. మిగులు ఉందని సంతకం పెట్టాడు. ఉన్న ధాన్యం లారీల్లో వెళ్లిపోయింది. విత్తనానికి వేరుశనగ మిగిలింది. జనం దాన్ని తినేస్తారని, పురుగుమందు కలిపి ఉంచమని ఈయనే చెప్పాడు.

“మందు కలిపామని అందరికీ చెప్పాం. అయినా ఒక ఊళ్లో తిన్నారు,” అన్నాడు.

పెరట్లోకి చూస్తూ ఇంకా చెప్పాడు.

“ఇప్పుడు మా రాష్ట్రంలో భూమి ఇంటింటికీ పంచుతున్నాం. నిశ్శబ్దంగా. కాగితం మీద ఉమ్మడి సాగు అనే రాస్తున్నాను. అప్పుడు దొంగలెక్క రాస్తే మనుషులు చచ్చిపోయారు. ఇప్పుడు రాస్తుంటే తింటున్నారు. పైవాళ్లకి తెలిస్తే నా పని అయిపోతుంది.”

“నాకెందుకు చెప్తున్నారు?” అని అడిగాను.

“నువ్వు మావాడివి కాదు. వీళ్లవాడివీ కాదు. పంట తెలిసినవాడివి.” ఇంకో కాయ వొలిచాడు గాని తినలేదు. “ఆ ఊరికి వెళ్లి ఈ మాట నేనే చెప్పాలి. వాళ్ల ముందు నిలబడి. ఇంకా ధైర్యం రాలేదు. అప్పటిదాకా నీ దగ్గర ఉంచు. ఎక్కడా రాయకు.”

“రాయను,” అన్నాను. “ఎవరికీ చెప్పను.” ఆ మాట నిజంగానే అన్నాను.

అప్పుడే తలుపు తెరుచుకుని లిన్ ఆకుపచ్చ చీరలో సిగ్గుపడుతూ బయటికి వచ్చింది. షెన్ చప్పట్లు కొట్టి చైనా భాషలో ఏదో అన్నాడు. ఆ తర్వాత నాతో ఇంగ్లీషు మాట్లాడలేదు.

ఆయన వెళ్లిపోయాక ఉత్తరాలు వచ్చేవి, చైనా భాషలో, ఎవరో ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసినవి. విత్తనాల గురించి, వానల గురించి. రెండేళ్లు తిరిగేసరికి ఇంటింటి సాగు అక్కడ ప్రభుత్వ విధానమే అయింది. ముందుగా ధైర్యం చేసినవాళ్లకి పేరొచ్చింది. షెన్ శాఖకి పెద్ద అయ్యాడు, ఆపైన ఏకంగా రాష్ట్ర గవర్నరే అయ్యాడు. మా యూనివర్సిటీకీ వాళ్ల రాష్ట్రానికీ ఒప్పందం కుదిరింది. దానికి నన్నే ఇన్‌చార్జిగా పెట్టారు. ఉద్యోగం పర్మనెంట్ అయింది. షెన్ పైకి వెళ్లినకొద్దీ నేనూ వెళ్లాను.

దాంతో నాకు నోరొచ్చింది. శనివారం భోజనాల్లో “మా గవర్నర్” అనడం మొదలుపెట్టాను. గుంటూరు డాక్టరు మిత్రుడొకడు, “ఏవండోయ్, మీ గవర్నర్ గారు ఫోన్ చేశారా ఇవాళ?” అని ఏడిపించేవాడు. ఏడిపించినా బాగానే ఉండేది. ఆ గదిలో నాకంటూ ఒక చోటు దొరికింది.

ఎనభైల మధ్యలో షెన్ మళ్లీ వచ్చాడు, ఈసారి గవర్నర్ హోదాలో. నల్ల కార్లు, పోలీసులు, యూనివర్సిటీలో విందు. పక్క రాష్ట్రంలో చదువుకోడానికి వచ్చి ఉన్న లిన్‌ని ఆ రోజుకి దుబాసీగా పిలిపించారు. నేను డాక్టరు మిత్రుడికీ వాళ్లావిడకీ రెండు టికెట్లు సంపాదించాను. మీకు పరిచయం చేస్తానన్నాను. అందరికీ ముందే చెప్పేశాను కూడా.

వరసలో నా వంతు వచ్చింది. షెన్ నా చెయ్యి పట్టుకున్నాడు. మొహంలో ఏమీ లేదు. లిన్ ద్వారా, “ప్రొఫెసర్‌ని మళ్లీ కలవడం సంతోషం. మీ పరిశోధన మా రైతులకి ఉపయోగపడింది,” అన్నాడు. అంతే. తర్వాతి మనిషి వైపు తిరిగాడు.

ఆయన చుట్టూ ఎంతమంది ఉన్నారో ఇప్పుడు నాకు తెలుసు. ఎవరు ఏం గమనిస్తున్నారో, ఒక విదేశీయుడితో ఎక్కువ చనువు కనబడితే ఎవరు ఎక్కడ రాసుకుంటారో. ఆయన తనని కాపాడుకున్నాడు, నన్ను కూడా కాపాడాడు. ఇది ఆ రోజు నాకు తట్టలేదా? తట్టింది. అక్కడే, ఆ వరసలోనే తట్టింది. తట్టినా నా ఉక్రోషం తగ్గలేదు.

“మీ గవర్నర్ గారికి తమరు గుర్తున్నట్టు లేరే,” అన్నాడు డాక్టరు నవ్వుతూ.

ఆ ఒక్క మాటకి. నమ్ముతారా? ఆ ఒక్క ముక్కకి నేను ఒక మనిషి ప్రాణరహస్యం తీసి బయటపెట్టాను.

భోజనాల బల్ల దగ్గర నా పక్కన ఒక అమెరికన్ విలేకరి కూర్చున్నాడు. చైనా సంస్కరణల మీద ఒక మాసపత్రికకి పెద్ద వ్యాసం రాస్తున్నాడు. మంచివాడే. షెన్ అంటే గౌరవం ఉన్నవాడు. “మీకు ఈయన బాగా తెలుసని విన్నాను. ఎంతబాగా?” అని అడిగాడు. డాక్టరు వింటున్నాడు. అక్కడ నేనేమీ చెప్పలేదు, నవ్వి ఊరుకున్నాను, అంత తెలివి ఉంది. మర్నాడు ఆ విలేకరిని లంచ్‌కి నేనే పిలిచాను. చెప్పాను. మెట్ల మీద విన్నదంతా చెప్పాను. దొంగలెక్కలు, విత్తనం, మందు, కాగితం మీద ఉమ్మడి సాగు. చెబుతుంటే నా గొంతు వణికింది కూడా. ఎంత కరుణ ఉన్న మనిషినో అనుకున్నాను నన్ను నేను.

ఆయన పెన్ను ఆపి అడిగాడు. “ఇది రాస్తే ఆయనకేమైనా ఇబ్బంది అవుతుందా?”

“అవదు. చెప్పొచ్చని ఆయనే నాతో అన్నారు,” అన్నాను.

ఇది రెండో అబద్ధం. జరిగిన వరసలో ఇదే మొదటిది.

వ్యాసం వచ్చింది. గొప్పగా ఉంది. చేసిన తప్పుని మర్చిపోలేక, దాన్ని దిద్దుకోవడానికి రాష్ట్రాన్నే మార్చేసిన ఒక నాయకుడి కథ. నా పేరు లేదు. ‘అమెరికా మొదటి పర్యటనలో ఒక ఇంట్లో భోజనం తర్వాత ఆయన అన్న మాటలు’ అని ఉంది, అంతే. నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. చెప్పడానికి నోరు రావడం లేదు గాని, గర్వపడ్డాను.

ఆ చలికాలం చైనాలో గాలి మారింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. సంస్కరణలు కావాలన్న పెద్దలు ఒక్కొక్కరే కుర్చీలు దిగారు. షెన్ అనారోగ్య కారణాల వల్ల పదవి వదులుకున్నట్టు పేపర్లో నాలుగు లైన్లు చూశాను. నా వ్యాసానికీ దానికీ సంబంధం లేదనుకున్నాను. చూడండి, ‘నా వ్యాసం’ అని రాశాను.

వసంతంలో ఒక మధ్యాహ్నం మా ల్యాబ్ బయట లిన్ నిలబడి ఉంది. బస్సులో ఆరు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. చెప్పకుండా వచ్చినందుకు క్షమించమంది. క్యాంపస్‌లో ఒక బెంచీ మీద కూర్చున్నాం. మా మధ్య ఒక టీ డబ్బా పెట్టింది. మేడమ్ కోసం అంది.

ఏం జరిగిందో లిన్ చెప్పింది. ఆ వ్యాసాన్ని చైనా భాషలోకి మార్చి, పార్టీ సమావేశంలో షెన్ ఎదురుగానే చదివారు. ఈ మాటలు నీవేనా అని అడిగారు. కాదనడానికి ఆయనకి అవకాశం ఉంది. విదేశీ విలేకరి కట్టుకథ అంటే, ఎంతోకొంత నిలదొక్కుకునేవాడేమో. ఆయన లేచి నిలబడి, “నావే. అంతా నిజమే,” అన్నాడట. ఎవరితో అన్నావంటే, “గుర్తులేదు,” అన్నాడట.

“ఆయనకి ఇంగ్లీషు రాదని అందరి నమ్మకం,” అంది లిన్. “అంటే మధ్యలో నేను ఉండి ఉండాలి. ఇప్పుడు నేను ఉన్నది అమెరికాలో. ఆ విలేకరి కూర్చున్న విందులో నేనూ ఉన్నాను. వాళ్లకి ఇంకేం కావాలి, ప్రొఫెసర్? నా స్కాలర్‌షిప్ ఆపేస్తామన్నారు. అక్కడ మా ఆయన ఉద్యోగం పోయింది. పాప నాలుగేళ్లది.”

లిన్ నా వైపు తిరిగింది.

“ఆయన మీతో ఇంగ్లీషులో మాట్లాడారు. కదూ?”

“నాకు సరిగ్గా గుర్తులేదు,” అన్నాను. షెన్ అన్న మాటే. ఆయన నన్ను కాపాడటానికి అన్నది, నేను నన్ను కాపాడుకోవడానికి అన్నాను.

“నేను తర్జుమా చేయకముందే ఆయన ఒక్కోసారి నవ్వేవారు. అప్పుడే నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ మాటల మధ్యలో నేను లేనని మీరొక కాగితం రాసిస్తారా?”

అప్పుడు నాకొక మంచి సాకు దొరికింది. “చూడమ్మా, ఆ సంగతి నేను రాసిస్తే ఆయనకి ఇంకా కష్టం అవుతుంది,” అన్నాను.

ఆవిడ దానికి సిద్ధమయ్యే వచ్చింది. “ఇంగ్లీషు సంగతి రాయొద్దు. మీ గురించి కూడా ఏమీ వద్దు. ఆ గంట నేను లోపల ఉన్నానని, అంత రాస్తే చాలు. మీరు రాయలేకపోతే మేడమ్ రాయొచ్చు కదా. నాకు చీర కట్టింది ఆవిడే. తప్పకుండా గుర్తుంటుంది. ఇప్పుడు మీ ఇంటికి వచ్చి అడగనా?”

గుర్తుంటుంది. వనజకి ఎందుకు గుర్తుండదు? అడిగితే ఒక్క నిమిషం ఆలోచించకుండా రాసిచ్చేది. రాసిచ్చాక నా వైపు తిరిగేది. లిన్ లోపల ఉంటే మెట్ల మీద ఉన్నదెవరని లెక్క వేయడానికి ఎంతసేపు పడుతుంది?

“మా ఆవిడ ఊళ్లో లేదు,” అన్నాను. “ఇండియా వెళ్లింది.”

“ఎప్పుడొస్తారు?”

“తెలియదు. వాళ్లమ్మకి బాగోలేదు.”

లిన్ మొహం మారింది. నేను అబద్ధం ఆడానని పసిగట్టి కాదు. నా కోసం. “అయ్యో,” అంది. “త్వరగా తగ్గాలి. ఈ సమయంలో వచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను.” లేచి, తల వంచి నమస్కారం లాంటిది చేసి, బస్‌స్టాప్ వైపు నడిచి వెళ్లిపోయింది. కారులో దింపుతానని కూడా నేను అనలేదు. దింపితే దారిలో మా ఇంటి వీధి వస్తుంది.

టీ డబ్బా ఇంటికి తీసుకెళ్లలేదు. డిపార్ట్‌మెంట్ కాఫీ గదిలో పెట్టేశాను. వారంలో అయిపోయింది. బాగుందన్నారు అందరూ.

ఆ వసంతంలోనే నాకు ఫుల్ ప్రొఫెసర్‌ ప్రమోషన్ వచ్చింది. వనజ ఇరవై మందికి వంట చేసింది.

లిన్ చదువు మధ్యలో వదిలేసి ఆ వేసవిలో వెనక్కి వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆ రాష్ట్రం నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త చెప్తే తెలిసింది, ఏదో చిన్న ఊరి బడిలో పాఠాలు చెబుతోందని, దుబాసీ పని మళ్లీ ఎవరూ ఇవ్వలేదని. షెన్‌ని స్థానిక చరిత్ర రాసే ఆఫీసులో కూర్చోబెట్టారట. కాలేయం జబ్బుతో కొన్నాళ్లకి పోయాడట. నేను ఈ రెండూ కాఫీ తాగుతూ, మాటల సందర్భంలో అడిగినట్టు అడిగాను. ఇంకేమీ అడగలేదు. తన తప్పు చెప్పుకోవడానికి ఆయన ఆ ఊరికి వెళ్లాడా అని అడగాలని నోటిదాకా వచ్చింది. లేదంటాడని భయపడి మానేశాను.

ఎన్నో ఏళ్లు నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను. ఆయన కాదనలేదు కదా, లేచి నిలబడి నావే అన్నాడు కదా, అంటే ఎప్పటి నుంచో చెప్పాలని ఉన్నదే కదా, ఒకరకంగా నేను ఆయనకి దారి చూపించానేమో అని. ఎంత బాగా అమరిందో చూడండి. ఇది నాకు దాదాపు పదేళ్లు పనికొచ్చింది. కానీ ఆయన చెప్పుకోవాలనుకున్నది పార్టీ వాళ్లకి కాదు. ఆ ఊరి వాళ్లకి. తన కాళ్లతో వెళ్లి, తన నోటితో. ఆయన ఎప్పటికోసమో దాచుకున్న ఒప్పుకోలుని నేను తీసుకెళ్లి, నా పక్కన కూర్చున్న డాక్టరు నవ్విన నవ్వుకి బదులుగా ఖర్చు పెట్టేశాను. డాక్టరుకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ఆయన ఆ వ్యాసం చదవనే లేదు.

ఇంకొకటి ఉంది. ఇది నాకు ఆలస్యంగా తట్టింది, అప్పటికే రిటైరయ్యాను. ఎవరికీ తెలియకూడదని నేనింత చేశాను. విలేకరి చెప్పడు, వనజ అడగదు, లిన్ వెళ్లిపోయింది, ఎవరికీ తెలియదనుకున్నాను. కానీ షెన్ ఆ మాటలు బతుకులో ఒక్కరితోనే అన్నాడు. ఆ వ్యాసం చదువుతుంటే మొదటి వాక్యానికే ఆయనకి తెలిసి ఉంటుంది. అందరి ముందూ నిలబడి, తెలిసి కూడా, గుర్తులేదన్నాడు. నేను ముందుగా ఎవరి దగ్గర దాచుకోవాలో ఆ మనిషికే అది మొదటి రోజునే తెలుసు. అయితే ఇన్నేళ్లూ నేను దాచింది ఎవరి దగ్గర?

వనజ దగ్గర. అంతే.

ఇదంతా రాయడానికి మూడు వారాలు పట్టింది. నిన్న మధ్యాహ్నం వనజ చేతికి ఇచ్చాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివింది. మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తుడుచుకుంది. చదవడం అయిపోయాక కాగితాలు సర్ది పెట్టింది.

“ఆ పొద్దు మా అమ్మకి బాగలేదని చెప్పినారా?” అంది.

“అవును.”

“మా అమ్మ అప్పుడు నిక్షేపంగా ఉండింది.” కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఆ పిల్ల ఆరు గంటలు బస్సులో వచ్చి, నన్ను చూడకుండా పోయింది. నేను రాసిచ్చేదాన్ని గదా. మీరు నా తరపున అబద్ధమాడినారు. నన్నొక మాటైనా అడగకుండా.”

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. అది కూడా ఆవిడ మీదే పెట్టడం బాగుండదనిపించింది. నిన్న సాయంత్రం మేం ఎక్కువ మాట్లాడుకోలేదు. వండింది, తిన్నాం.

ఈ పొద్దున కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో కాగితం, పెన్ను ఉన్నాయి. ఎవరికి రాస్తుందో, ఎక్కడికి పంపుతుందో నేను అడగలేదు. ఆవిడకీ తెలియదేమో. ఆ పిల్ల ఉందో లేదో కూడా మాకు తెలియదు.

“మీరు మార్చి రాసింది కాదు,” అంది వనజ. “ఆ పిల్ల అసలు పేరు చెప్పండి. పూర్తి పేరు.”

ఆ పేరు నేను పైకి అని ఎన్నేళ్లయిందో.

చెప్పాను.